విడదీయరాని సంఖ్యలు
(మన సంఘ సభలో చేసిన ప్రసంగ పాఠము)



మన పిల్లలు బడిలో నేర్చుకొను ఒక చిన్న గణిత విషయమును ఈ దినము మీ యెదుట ఉంచుచున్నాము. లెక్క బడిలో ఏ భాషలో నేర్చినను, ఇంటిలో దానిని తెలుగున మరల చెప్పుకొనవలెనన్నదే మా మనవి.

పండ్రెండు కొబ్బరికాయలను రెండేసి, మూడేసి, నాలుగేసి, ఆరేసి చొప్పున వరుసలుగా పేర్చవచ్చును. పదమూడు కాయలైనచో ఒక్కటే వరుస, లేదా ఒక్కొక్కటిగా పదమూడు వరుసలు. వేరు దారి లేదు. ఒకటి కంటె పెద్దదై, ఒకటి చేతను తన చేతను మాత్రమే నిశ్శేషముగా భాగింపబడునది ప్రధాన సంఖ్య. ఇతర సంఖ్యల చేతను భాగింపబడునది సంయుక్త సంఖ్య. ఒకటి ఈ రెండింటిలోను చేరదు. సరి సంఖ్యలలో రెండు మాత్రమే ప్రధానము.

ప్రతి సంయుక్త సంఖ్యయు ప్రధాన సంఖ్యల గుణకారముగా ఒకే విధమున విడిపోవును. 60 అనగా 2×2×3×5. వరుస మార్చవచ్చును గాని అంకెలు మారవు. ఒకటిని కూడ ప్రధానమనినచో ఎన్ని ఒకట్లనైనను చేర్చవచ్చును గనుక ఈ నియమము నిలువదు.

వర్తకులమైన మనకు దీని ఫలము తెలియనిది కాదు. పాత రూపాయికి 16 అణాలు, అణాకు 12 పైలు, వెరసి 192 పైలు. ఇందులో రెండు ఆరుమారులు, మూడు ఒకమారు గలవు. కావున ముగ్గురు భాగస్వాములకు తలకు 5 అణాల 4 పైలు సరిగా వచ్చెడిది. 1957 ఏప్రిల్ 1న రూపాయి 100 నయాపైసలయ్యెను. 100 అనగా 2×2×5×5. ఇందులో మూడు లేదు. ముగ్గురు పంచుకొనినచో తలకు 33 పోగా ఒకటి మిగులును. అయితే పాత రూపాయిలో కుదరని అయిదు వాటాలు ఇందులో కుదిరినవి.

నూరు లోపలి సంఖ్యను పరీక్షించుటకు 2, 3, 5, 7 చాలును. ఏలయన, దానిని రెండుగా విడదీసినచో రెండు భాగములును ఒకేసారి పదికి మించజాలవు. 91 ప్రధానమువలె తోచును గాని అది 7×13. 97 మాత్రము నిజముగా ప్రధానమే.

ఈ సంఖ్యలనే తమిళమున ‘పగా ఎణ్’ అనియు, కన్నడమున ‘అవిభాజ్య సంఖ్యె’ అనియు, మరాఠీలో ‘మూళ సంఖ్యా’ అనియు, ఒడియాలో ‘మౌళిక సంఖ్యా’ అనియు అందురు. మొదటి రెండు విడదీయరానిదనియు, తక్కిన రెండు మూలమైనదనియు చెప్పుచున్నవి. అన్నియు మంచి మాటలే. మన పిల్లలు వానిని నేర్వవలసినదే. కాని బిడ్డకు తెలుగు పేరు రాదు, తాతకు బడి మాట రాదు. ఇద్దరి నడుమ లెక్క మూగవోవుచున్నది.

9వ శతాబ్దిలో రాష్ట్రకూట అమోఘవర్షుని కాలమున మహావీరాచార్యుడు సంస్కృతమున రచించిన గణితసారసంగ్రహమును, 11వ శతాబ్దిలో పావులూరి మల్లన తెలుగు పద్యములలోనికి తెచ్చెను. ఆ మహాకవి చేసిన పనిలో ఆవగింజంతయైనను మనము చేయలేమా?

ఆదివారమునాడు ఒక కాగితముపై 1 నుండి 100 వరకు వ్రాయుడు. ఒకటిని కొట్టివేయుడు. 2, 3, 5, 7లను ఉంచి వాని గుణిజములను కొట్టివేయుడు. మిగులునవి 25, అవియే నూరు లోపలి ప్రధాన సంఖ్యలు. గ్రీకు పండితుడు ఎరటోస్తనీసు పేర ప్రసిద్ధమైన జల్లెడ ఇదియే. ఎక్కాలు పెద్దల నోట ఇంకను ఉన్నవి. పిల్లవాడు కొట్టివేయుచుండగా పెద్దలు తెలుగున ఎక్కము చదువుడు. మన భాషను నిలుపుకొనుటకు ఇంతకంటె సులభమైన సాధనము వేరొకటి లేదు.