డీజిల్ ఎటు పోతోంది?



ఈరోజు బండి గురించి మాట్లాడుకుందాం. బండి సంగతి మగవాళ్లది, మనకెందుకు అంటారేమో. బండిలో పోసే డీజిల్ మన ఇంటి పైసలతోనే కదా కొంటాం! అందుకే ఆ లెక్క మనకూ కావాలి.

మా నాన్నకు ఒక పాత డీజిల్ ట్రాలీ ఆటో ఉంది. తెల్లవారకముందే సికింద్రాబాద్ బోయిన్‌పల్లి మార్కెట్‌లో కూరగాయలు ఎక్కిస్తాడు. మోండా మార్కెట్‌కు, తార్నాకకు, మల్కాజిగిరికి చేరవేస్తాడు. ఆ బండి మీదనే మా ఇల్లు గడుస్తుంది.

పోయిన ఎండాకాలంలో ఇంటికి వచ్చే పైసలు తగ్గాయి. కిరాయిలు తగ్గలేదు. తిరిగే దారి మారలేదు. ఒక రాత్రి అమ్మ అడిగింది.

"పైసలేవి?"

"డీజిల్‌కే పోతున్నయ్."

"దినాం అదే మాట. బండి తాగుతున్నదా, నువ్వు తాగుతున్నవా?"

నాన్న అన్నం ముందు నుంచి లేచిపోయాడు. మూడు రోజులు ఇంట్లో మాటలు లేవు.

నాన్న బండిని మెకానిక్‌కు చూపించాడు. "బండి పాతదైంది. ఇంజన్ విప్పాలె" అన్నాడు మెకానిక్. ఇంజన్ విప్పాలంటే అప్పు చేయాలి.

అప్పుడు అమ్మ ఒక పని చేసింది. మా అమ్మ కూడా మీలాగే రాత్రి బడిలో చదువు నేర్చుకుంది. నా పాత నోటుబుక్కు తీసుకుని "బంకుకు నేనూ వస్త" అంది. నేను టీచర్ ట్రైనింగ్ చేశాను. పిల్లలకు భాగహారం నేర్పుతాను. అయినా ఆ ఆలోచన నాకు రాలేదు. అమ్మకు వచ్చింది.

ఆ లెక్క ఎట్లా వేయాలో చెప్తాను. రాసుకోండి.

ఆదివారం ట్యాంకు నిండా డీజిల్ పోయించాలి. బండి మీటరులో ఉన్న అంకె రాసుకోవాలి. అమ్మ 84,210 అని రాసింది. వారమంతా బండి నడిచింది. మళ్లీ ఆదివారం అదే బంకులో ట్యాంకు నింపించింది. 15 లీటర్లు పట్టింది. మీటరులో 84,570 ఉంది.

84,570లో నుంచి 84,210 తీసేస్తే 360. అంటే బండి 360 కిలోమీటర్లు తిరిగింది. 360ని 15తో భాగిస్తే 24. లీటరుకు 24 కిలోమీటర్లు వచ్చాయి. ఇదే మైలేజీ.

ఆ బండి ముందు 30 ఇచ్చేది. 30 ఇస్తే 360 కిలోమీటర్లకు 12 లీటర్లు చాలు. వారానికి 3 లీటర్లు ఎక్కువ పడుతోంది. లీటరు 100 రూపాయలు అనుకోండి. వారానికి 300. నాలుగు వారాలకు 1,200 రూపాయలు!

అమ్మ ఆ అంకెలు చాలాసేపు చూసింది. తర్వాత నాన్న దగ్గరికి పోయి "నేనన్నది తప్పు మాట" అంది. నాన్న ఏమీ అనలేదు. నోటుబుక్కు చేతిలోకి తీసుకున్నాడు.

నాన్న తాగలేదు. మరి బండి ఎందుకు తాగుతోంది? పైస ఖర్చు లేని పనులు ముందు చూడాలి. ఖర్చు పనులు తర్వాత.

టైర్లలో గాలి చూడాలి. గాలి తక్కువైతే బండి బరువుగా నడుస్తుంది. పొద్దున టైర్లు చల్లగా ఉన్నప్పుడే గాలి కొలిపించాలి.

రాత్రి బండి కింద అట్టముక్క పరచాలి. పొద్దున దాని మీద డీజిల్ మరక ఉంటే ఎక్కడో కారుతోంది. అగ్గిపుల్ల వెలిగించి మాత్రం వెతకకండి!

బ్రేకులు చూడాలి. చదును నేల మీద గేరు తీసి తోస్తే బండి సులువుగా కదలాలి. కదలకపోతే బ్రేకు పట్టేసి ఉండవచ్చు. కొంచెం దూరం నడిపి ఆపాక, చక్రాల దగ్గర చెయ్యి పెట్టండి. ముట్టుకోవద్దు, కాలుతుంది. ఒక్క చక్రం దగ్గరే సెగ ఎక్కువ తగిలితే, అక్కడ బ్రేకు పట్టేసి ఉంటుంది.

పొగ రంగు చూడాలి. నల్ల పొగ ఎక్కువగా వస్తే డీజిల్ సరిగా కాలడం లేదు. ఎయిర్ ఫిల్టరులో దుమ్ము పేరుకుని ఉండవచ్చు. నాజిల్ పాడై ఉండవచ్చు. నీలి పొగ వస్తే ఇంజన్ ఆయిల్ కాలుతోంది. నీలి పొగ ఆగకుండా వచ్చి, ఆయిల్ కూడా తగ్గుతూ ఉంటే, అప్పుడు ఇంజన్ పని నిజంగానే అవసరం కావచ్చు.

బంకు మీద అనుమానమా? 5 లీటర్ల కొలపాత్రతో కొలిచి చూపించమని అడగండి. అది మన హక్కు. 5 లీటర్లకు 25 మిల్లీలీటర్లకు మించి తేడా రాకూడదు.

మా బండిలో ఏం దొరికింది? వెనుక ఒక చక్రానికి బ్రేకు పట్టేసి ఉంది. అది వదులు చేయించాడు నాన్న. ఆ వారం ఇంకేమీ మార్చవద్దంది అమ్మ. రెండూ ఒకేసారి చేస్తే, దేనివల్ల లాభమో తెలియదు కదా! ఆ వారం 351 కిలోమీటర్లకు 13 లీటర్లు పట్టింది. 27 వచ్చింది. తర్వాతి వారం రాణీగంజ్‌లో ఎయిర్ ఫిల్టరు కొని మార్చాడు. 360 కిలోమీటర్లకు 12 లీటర్లే పట్టింది. మళ్లీ 30! ఇంజన్ విప్పలేదు. అప్పు చేయలేదు.

ఇది పెద్ద సంస్థలు కూడా వేసే లెక్కే. ఆర్టీసీ వాళ్లు కూడా బస్సు లీటరుకు ఎన్ని కిలోమీటర్లు నడిచిందో లెక్క చూస్తారు.

బండి సంగతి ఆడవాళ్లకు తెలియదు అనేవాళ్లకు ఒక మాట చెప్పండి. 1888లో జర్మనీలో బెర్తా బెంజ్ అనే ఆవిడ, భర్త తయారుచేసిన మోటారు బండిని నడుపుకుంటూ సుమారు 100 కిలోమీటర్లు పోయింది. ఇద్దరు కొడుకులు వెంట ఉన్నారు. దారిలో ఇంధనం వచ్చే గొట్టంలో చెత్త అడ్డుపడింది. ఆవిడ తన టోపీకి పెట్టుకునే పిన్నుతో దాన్ని తీసేసింది. మోటారు బండి మీద అంత దూరం పోయిన మొదటి మనిషి ఆవిడే!

అక్కలారా! అనుమానం ఇంట్లో గొడవ పెడుతుంది. అంకె నిజం చెబుతుంది. మీ ఇంట్లో బండి ఉంటే, వచ్చే ఆదివారం నుంచి మూడు విషయాలు రాయండి. తేదీ, మీటరు అంకె, పోసిన లీటర్లు. రెండు వారాలయ్యాక ఆ నోటుబుక్కు ఇక్కడికి తెండి. అందరం కలిసి భాగహారం చేద్దాం.

సెలవు.