ఓటిస్ బ్లాక్‌వెల్ డెమో పాటలు

రాక్ అండ్ రోల్ తొలి దశ చరిత్రలో గాయకులకు దక్కినంత చోటు పాటలు కట్టినవారికి దక్కలేదు; న్యూయార్క్ నగరంలోని బ్రూక్లిన్‌లో పుట్టిన నల్లజాతి రచయిత ఓటిస్ బ్లాక్‌వెల్ (1931–2002) పాటలు లోకమంతా తెలిసినా ఆయన పేరు తెలిసినవారు తక్కువే. హార్లెమ్‌లోని అపోలో థియేటర్‌లో ఔత్సాహికుల పోటీ గెలిచి, సొంత గొంతుతో కొన్ని రికార్డులు ఇచ్చినప్పటికీ, పొట్ట గడవడానికి ఆయన దర్జీ దుకాణంలో బట్టలు ఇస్త్రీ చేయవలసి వచ్చింది.

1955 క్రిస్మస్ ముందు రోజు షాలిమార్ మ్యూజిక్ అనే ప్రచురణ సంస్థ, అంటే పాటల హక్కులు తీసుకొని వాటికి గాయకులను వెదికే సంస్థ, ఆయన పాటలు ఆరింటిని ఒక్కొక్కటి 25 డాలర్ల చొప్పున తీసుకున్నది. వాటిలో 'డోంట్ బి క్రూయెల్' గాయకుడు ఎల్విస్ ప్రెస్లీకి చేరినప్పుడు, రాయల్టీలో, అనగా రికార్డు అమ్మకాలపైనా రేడియో ప్రసారాలపైనా రచయితకు వచ్చే రాబడిలో, సగం వదులుకోవాలనీ ఎల్విస్ పేరును సహరచయితగా చేర్చాలనీ షరతు వచ్చింది. నిష్ఠురంగా చెప్పాలంటే అది సహరచన కాదు, సుంకం. అయినా బ్లాక్‌వెల్ ఒప్పుకోవడాన్ని అమాయకత్వంగా కొట్టివేయడం తగదు; ఎవరూ పాడని పాటపై పూర్తి హక్కు ఉన్నా ఇస్త్రీ పని తప్పదని ఆయనకు తెలుసు. 1956 జూలై 2న ఎల్విస్ 28 సార్లు పాడి ముగించిన ఆ పాట, రికార్డుకు రెండో వైపున్న 'హౌండ్ డాగ్'తో కలిసి 11 వారాలు అమెరికాలో మొదటి స్థానంలో నిలిచింది.

అసలు విశేషం డెమోలో ఉంది. పాట నడక గాయకుడికి తెలియడానికి తక్కువ ఖర్చుతో చేసే నమూనా రికార్డింగే డెమో. అంతకు ముందు తరాల పాటలు ప్రధానంగా స్వరలిపి అచ్చువేసిన కాగితాలపై చేతులు మారేవి. కానీ మాటను ఎక్కడ విరవాలి, ఏ అక్షరం మీద గొంతు వణకాలి, తాళానికి ఎంత వెనుకగా పదం పడాలి అన్నవి ఆ లిపికి అందవు గనుక, తన డెమోలను తానే పాడిన బ్లాక్‌వెల్ పాటతో పాటు పాడే తీరును కూడా అందించారు. ఎల్విస్ ఆ తీరును చాలావరకు అనుసరించారు. అలాగని ఎల్విస్ శైలినంతా బ్లాక్‌వెల్‌కే కట్టబెట్టడం అతిశయోక్తి, ఎందుకంటే మెంఫిస్‌లోని సన్ రికార్డు సంస్థకు 1954లో చేసిన రికార్డుల్లోనే ఆ పోకడలు వినిపిస్తాయి.

షాలిమార్ యజమానుల్లో ఒకరు పెప్సీ సీసాను కుదిపి చూపి, ఈ కుదుపు మీద పాట రాయమనడంతో 'ఆల్ షుక్ అప్' పుట్టిందన్నది బ్లాక్‌వెల్ స్వయంగా చెప్పిన సంగతి. మరో సంస్థతో ఒప్పందం అడ్డుపడినందున 'ఫీవర్' పాటపై సవతి తండ్రి జాన్ డావెన్‌పోర్ట్ పేరు వేయించారు. గాయకుడు జెర్రీ లీ లూయిస్ పాడిన 'గ్రేట్ బాల్స్ ఆఫ్ ఫైర్' వెనుక ఉన్నదీ బ్లాక్‌వెల్లే. ఎల్విస్‌ను మాత్రం ఆయన ఎన్నడూ కలవలేదు. 1970ల ఆఖరున ఆయన తన పాటలను తానే పాడి ఆల్బంగా వెలువరించగా, సంగతి తెలియని శ్రోతకు అది ఎల్విస్‌కు అనుకరణగా తోచే అవకాశం ఉంది.