అరవై దాటాక ఆటెందుకు?



నేను క్రీడా వైద్యుణ్ని. మోకాలు తిరిగిన కబడ్డీ పిల్లలు, భుజం పట్టేసిన క్రికెట్ పిల్లలు నా దగ్గరికి వస్తుంటారు. ఈమధ్య వాళ్ల తాతలు, నానమ్మలు కూడా వస్తున్నారు. వాళ్లలో చాలామంది అడిగేది ఒకటే: "డాక్టర్ సాబ్, ఈ వయసుల ఇగ కదలకుండ కూసుంటెనే మంచిదా?" నేను ఇవాళ చెప్పబోయేదంతా ఆ ప్రశ్నకు జవాబే. కూర్చోవడం మంచిది కాదు. నడక మంచిదే కానీ అదొక్కటే చాలదు. ఆడాలి. ఎందుకు ఆడాలో, ఎట్లా మొదలుపెట్టాలో, ఎవరు జాగ్రత్తపడాలో వరుసగా చెప్తాను.

ముందు ఈ రావిర్యాల ఊరి సంగతి. ఇక్కడున్న అరవై ఏళ్లవాళ్లు పెరిగింది చెరువు, పొలం, పశువుల మధ్య. నాట్లు, కలుపు, కోత, గడ్డిమోపు, పాలక్యాను అన్నీ ఒంటితో చేసిన పనులే. 2008లో శంషాబాద్‌లో విమానాశ్రయం వచ్చింది. ఔటర్ రింగు రోడ్డు వచ్చింది, హార్డ్‌వేర్ పార్కు వచ్చింది. 2016లో వండర్‌లా వినోద పార్కు తెరిచారు, 2023లో విజయ డెయిరీ మెగా ప్లాంటు మొదలైంది. భూమి ధర పెరిగింది. ఈ చుట్టుపక్కల ఎన్నో కుటుంబాలకు సాగు తగ్గింది, కొందరికి పూర్తిగా పోయింది. చేతికి డబ్బొచ్చింది, ఇంటి ముందుకు బండి వచ్చింది. కానీ నలభై ఏళ్లు పనికి అలవాటుపడ్డ ఒళ్లు ఒక్కసారిగా కుర్చీలో కూలబడింది. తిండి మాత్రం పనిచేసిన రోజుల్లో తిన్నంతే. ఇక్కడే షుగర్, బీపీ, మోకాళ్ల నొప్పి మొదలవుతాయి. 2023లో వెలువడ్డ ఐసీఎంఆర్ సర్వే లెక్కన మన దేశంలో మధుమేహం ఉన్నవాళ్లు పది కోట్ల పైచిలుకు. అది పట్నం జబ్బని అనుకునే కాలం పోయింది.

"బతుకంతా కష్టం చేసినం, ఇంక ఆటలేంది సార్?" అంటారు పెద్దలు. న్యాయమైన మాటే. కానీ చేసిన కష్టం బ్యాంకులో డిపాజిట్ కాదు. కండ నిన్నటి పనిని దాచుకోదు, ఈ వారం చేసిన పనినే లెక్కలోకి తీసుకుంటుంది. పైగా కూలిపని ఒంటిని ఒకే తీరున వంచుతుంది. నాట్లు వేసిన నడుముకు వంగడమే తప్ప వెనక్కి విరుచుకోవడం తెలియదు. ఆట అట్లా కాదు. అలసిపోతే ఆపొచ్చు, దెబ్బతగిలితే మానొచ్చు, అన్ని వైపులా కదలొచ్చు.

ఇప్పుడు అసలు విషయం. మనం "వయసు మీదపడింది" అంటున్నదాంట్లో వయసు వాటా ఎంత, కుర్చీ వాటా ఎంత? 1966లో అమెరికాలోని డల్లాస్ నగరంలో ఇరవై ఏళ్ల యువకులు ఐదుగురిని మూడు వారాల పాటు మంచం దిగనివ్వకుండా పడుకోబెట్టి పరీక్షించారు. వాళ్ల దమ్ము, అంటే గుండె, ఊపిరితిత్తులు, కండరాలు కలిసి ప్రాణవాయువును వాడుకునే శక్తి, బాగా పడిపోయింది. ముప్పై ఏళ్ల తర్వాత, యాభై ఏళ్ల వయసులో, ఆ ఐదుగురినే మళ్లీ పిలిచి చూశారు. ముప్పై ఏళ్ల వయసు చేసిన నష్టం కంటే అప్పట్లో మూడు వారాల మంచం చేసిన నష్టమే ఎక్కువని తేలింది. తర్వాత ఆరు నెలలు నడక, పరుగు, సైకిల్ మెల్లమెల్లగా పెంచుతూ సాధన చేయించారు. వయసుతో తగ్గిన దమ్ము తిరిగి వచ్చింది. పరీక్షించింది ఐదుగురినే అయినా అర్ధ శతాబ్దంగా వైద్యులు దాన్ని తలుచుకుంటూనే ఉన్నారు. రైతులకు నేను దీన్ని ఇట్లా చెప్తాను: ఏళ్ల తరబడి నడిచిన మోటారు కంటే ఒక కాలమంతా ఆపేసిన మోటారే ముందు జామ్ అవుతుంది.

ఇంకోటి లండన్ బస్సుల కథ. జెర్రీ మారిస్ అనే వైద్యుడు 1953లో ఒక పరిశోధన ప్రచురించాడు. అవి రెండంతస్తుల బస్సులు. డ్రైవర్ రోజంతా కూర్చునే ఉంటాడు. కండక్టర్ టికెట్లు కొడుతూ మెట్లెక్కి దిగుతుంటాడు. ఒకే బస్సు, ఒకే రకం కుటుంబాల మనుషులు. గుండెజబ్బులు మాత్రం డ్రైవర్లలోనే ఎక్కువ కనిపించాయి. వ్యాయామానికీ గుండెకూ ఉన్న సంబంధాన్ని లెక్కలతో చూపిన తొలి పరిశోధనల్లో అదొకటి. మారిస్ తన మాట తానే పాటించి, నూరేళ్లకు కొద్దిగా ముందు, 2009లో కన్నుమూశాడు.

సరే, నడుస్తున్నాం కదా, ఇంకేం కావాలి? వయసుతో ముందు పోయేది దమ్ము ఒక్కటే కాదు. ముప్పై దాటాక పదేళ్లకు 3 నుంచి 8 శాతం దాకా కండ తగ్గుతుంది, అరవై తర్వాత ఆ వేగం పెరుగుతుంది. అందులోనూ ముందు సన్నబడేది కండలో వేగంగా పనిచేసే చురుకు పోగులు. కాలు తట్టుకున్నప్పుడు చటుక్కున ఇంకో కాలు ముందుకేసి నిలదొక్కుకునేది వాటి బలంతోనే. అవి బలహీనపడ్డ మనిషి బాత్రూంలో జారితే తుంటి ఎముక విరుగుతుంది. తుంటి విరిగిన వృద్ధుల్లో చాలామంది మునుపటిలా నడవలేరు. ఒకే వేగంతో, తిన్నని దారిలో, ఫోన్‌లో మాట్లాడుకుంటూ చేసే నడక గుండెకు మంచిదే. కాని పక్కకు కదలడం, ఆగడం, తిరగడం, చేయి పైకి చాచడం అది నేర్పదు. బంతి నేర్పుతుంది.

అందుకే ప్రపంచ ఆరోగ్య సంస్థ 2020 సూచనల్లో మూడు భాగాలున్నాయి. వారానికి 150 నుంచి 300 నిమిషాలు ఒక మోస్తరు శ్రమ. వారంలో కనీసం రెండు రోజులు కండబలం పెంచే వ్యాయామం. అరవై ఐదు దాటినవాళ్లకైతే వీటితోపాటు వారంలో మూడు రోజులు నిలకడ, బలం పెంచే కదలికలు. మొదటిది నడకతో తీరుతుంది. మిగతా రెండిటికీ ఆట, కసరత్తు కావాలి. డెన్మార్క్‌లోని కోపెన్‌హాగన్‌లో వేలమందిని పాతికేళ్ల దాకా గమనించి 2018లో లెక్క తేల్చారు. కూర్చుని గడిపినవాళ్లతో పోలిస్తే జాగింగ్ చేసినవాళ్లు 3.2 ఏళ్లు, బ్యాడ్మింటన్ ఆడినవాళ్లు 6.2 ఏళ్లు, టెన్నిస్ ఆడినవాళ్లు 9.7 ఏళ్లు ఎక్కువ బతికారు. ఇందులో ఒక మెలిక ఉంది. టెన్నిస్ ఆడేవాళ్లకు డబ్బు, తీరిక కూడా ఎక్కువ ఉండొచ్చు కాబట్టి ఘనతంతా రాకెట్టుకే ఇవ్వలేం. అయినా నలుగురితో కలిసి ఆడేవి ముందుండటం గమనించాల్సిందే. ఒంటరిగా నడిచేవాడు వాన పడితే మానేస్తాడు. జట్టులో ఉన్నవాడికి మాత్రం "ఏమే, రాలే?" అని ఫోన్ వస్తుంది.

"ఇప్పుడు మొదలుపెడితే ఏమొస్తది?" అనేవాళ్లకు ఒక్క ఉదాహరణ. 1990లో బోస్టన్‌లో ఒక వృద్ధాశ్రమంలో తొంభై ఏళ్ల చుట్టూ ఉన్న పదిమందికి ఎనిమిది వారాలు కాళ్లతో బరువులెత్తే సాధన చేయించారు. చివరిదాకా చేసినవాళ్ల తొడల బలం సగటున 174 శాతం పెరిగింది. చండీగఢ్‌కు చెందిన మాన్ కౌర్ పరుగు మొదలుపెట్టిందే 93 ఏళ్లకు. 2017లో న్యూజిలాండ్‌లోని ఆక్లాండ్‌లో, 101 ఏళ్ల వయసులో, వంద మీటర్ల పరుగులో బంగారు పతకం తెచ్చింది.

మనవాళ్లు తక్కువేం కాదు. బాల్ బ్యాడ్మింటన్ మీలో చాలామంది బడిలో ఆడే ఉంటారు, పసుపుపచ్చ ఉన్ని బంతితో. ఆ ఆటలో తొలి అర్జున అవార్డు వరంగల్‌లో స్థిరపడ్డ జమ్మలమడక పిచ్చయ్యగారిది. 1918లో పుట్టిన ఆయనకు ఆ పురస్కారం 1970లో, యాభై దాటాక వచ్చింది. 2021 డిసెంబర్‌లో, నూరేళ్లు దాటాక ఆయన కన్నుమూశారు. 1932లో భారత తొలి టెస్టుకు సారథ్యం వహించిన సీకే నాయుడు నాగ్‌పూర్‌లో స్థిరపడ్డ తెలుగు కుటుంబంవాడు. ఆంధ్ర జట్టు 1953-54లో మొదటిసారి రంజీ బరిలోకి దిగినప్పుడు యాభై ఎనిమిదేళ్ల వయసులో ఆయనే కెప్టెన్. 1956-57లో, అరవై దాటాక, ఉత్తరప్రదేశ్ తరఫున ఆడిన చివరి రంజీ ఇన్నింగ్స్‌లో 52 పరుగులు చేశారు. వీళ్లంతా అసాధారణ మనుషులే, మనం వాళ్లలా కావక్కర్లేదు. వయసుకు తగ్గట్టు ఆటను మార్చుకుంటే చాలు. వెటరన్ అథ్లెటిక్స్‌లో చేసేది అదే. ముప్పై ఐదు నుంచి ఐదేళ్లకొక వర్గం. మగవాళ్ల షాట్‌పుట్ గుండు మామూలుగా 7.26 కిలోలు. అరవైలకు అది 5 కిలోలు, డెబ్బైలకు 4, ఎనభై దాటితే 3. ఇంగ్లండ్‌లో యాభై దాటినవాళ్లు నడుస్తూ ఆడే ఫుట్‌బాల్ పెట్టుకున్నారు, అందులో పరుగెత్తితే ఫౌల్.

మన ఊళ్లకు వాలీబాల్ కంటే మంచిది నాకు కనిపించడం లేదు. నెట్టు, బంతి, రెండు కట్టెలుంటే ఆట మొదలవుతుంది. పైగా 1895లో అమెరికాలో విలియం మోర్గాన్ ఆ ఆటను తయారుచేసిందే బాస్కెట్‌బాల్ దూకుడు తట్టుకోలేని నడివయసు వ్యాపారుల కోసం. తర్వాత కుర్రాళ్లు దాన్ని లాక్కున్నారు. దాన్ని మనం మళ్లీ తీసుకోవచ్చు. మగవాళ్ల నెట్టు 2.43 మీటర్ల ఎత్తు. దాన్ని రెండు మీటర్లకు దించుకోండి. స్మాష్, ఎగరడం వద్దు. బంతి ఒకసారి నేలను తాకినా ఆట ఆగదని నియమం పెట్టుకోండి. మన ఊళ్లలో 2022 నుంచి తెలంగాణ క్రీడా ప్రాంగణాలు పెడుతూ వచ్చారు. ఉన్నచోట వాటిలో పొద్దున ఒక గంట పెద్దలది అనుకుంటే చాలు.

అమ్మలకు ఒక మాట. నెలసరి ఆగాక ఆడవాళ్ల ఎముకలు మగవాళ్లకంటే వేగంగా పలచబడతాయి. ఎముక గట్టిపడాలంటే కాలు నేలను తాకుతూ, బరువు మోస్తూ కదలాలి. బతుకమ్మ నాడు మీరు గంటల తరబడి చప్పట్లు కొడుతూ, వంగుతూ లేస్తూ తిరుగుతారు. కోలాటంలో అడుగు, చూపు, చేయి మూడూ ఒక్క తాళానికి కలుస్తాయి. నిలకడకు అంతకంటే మంచి పాఠం నా క్లినిక్‌లో కూడా లేదు. దాన్ని తొమ్మిది రోజులకే పరిమితం చేయకండి. వారానికి మూడు సాయంత్రాలు పెట్టుకోండి.

మొదలుపెట్టేది మెల్లగా ఉండాలి. మొదటి నెల రోజుకు అరగంట నడక. మాట్లాడగలగాలి కాని పాట పాడలేనంత వేగం ఉండాలి. నడకతోపాటు చేతులు ఆనించకుండా కుర్చీలోంచి పదిసార్లు లేచి కూర్చోవడం, గోడ పట్టుకుని మడమలు పైకెత్తడం, ఒంటికాలి మీద పది సెకన్లు నిలబడటం చేయాలి. రెండో నెల నీళ్ల సీసాలు, చిన్న సంచులు ఎత్తండి. మూడో నెల బంతి పట్టండి. ఏళ్ల తరబడి ఆడనివాడు సంక్రాంతికి నేరుగా కోర్టులోకి దూకితే మడమ వెనక స్నాయువు తెగేది అప్పుడే. ఆటకు ముందు పది నిమిషాలు ఒళ్లు వెచ్చబెట్టుకోవాలి.

ఇక జాగ్రత్తలు. షుగర్, బీపీ, గుండెజబ్బు ఉన్నవాళ్లు ముందు డాక్టర్‌కు చూపించుకోవాలి. ఇన్సులిన్, కొన్ని రకాల షుగర్ మాత్రలు వాడేవాళ్లకు ఆటలో చక్కెర పడిపోవచ్చు. జేబులో చాక్లెట్టో గ్లూకోజో ఉంచుకోండి. షుగర్ ఉన్నవాళ్లు వట్టికాళ్లతో ఆడొద్దు. పాదానికి దెబ్బ తగిలినా తెలియదు, పుండయ్యాకే తెలుస్తుంది. కొన్ని బీపీ మాత్రలు నాడిని నెమ్మదిగా ఉంచుతాయి కాబట్టి నాడి లెక్క చూసి శ్రమను కొలవొద్దు, ఆయాసాన్ని చూసుకోండి. ఎండాకాలంలో పొద్దున ఎనిమిది లోపు ముగించండి. ఛాతీలో బరువు, ఎడమచేయి లాగడం, చల్లచెమట, కళ్లు తిరగడం వస్తే అక్కడే ఆపి 108కి ఫోన్ చేయండి. "గ్యాసు" అని సోడా తాగి పడుకోవద్దు. మోకీళ్ల అరుగుదల ఉందని కదలడం మానేయకండి. తొడ కండ బలపడితే మోకాలి మీద భారం తగ్గుతుంది. మొదట ఇచ్చే చికిత్సల్లో వ్యాయామం ఒకటి. నొప్పి మర్నాటికీ తగ్గకపోతే మోతాదు తగ్గించండి.

తిండి గురించి క్లుప్తంగా. కండ పెరగాలంటే మాంసకృత్తులు కావాలి. అన్నం కుప్ప తగ్గించి పప్పు, గుడ్డు, పెరుగు పెంచండి. మాంసం తినేవాళ్లు కోడి, చేప తినండి. కిడ్నీ జబ్బు ఉన్నవాళ్లు మాత్రం డాక్టర్‌ను అడిగాకే పెంచాలి.

చివరగా యువకులకో విన్నపం. సాయంత్రం కోర్టంతా మీరే తీసుకోకండి, పొద్దున మీ నాన్నలకు నెట్టు కట్టి పెట్టండి. "ఈ వయసుల నీకెందుకే" అని నవ్వకండి. ఆ ఒక్క నవ్వు చాలు, పెద్దవాళ్లు మళ్లీ కోర్టు మొహం చూడరు. పెద్దలకు నా మాట ఒకటే. మందుల ఖర్చుకు నెలనెలా డబ్బు తీసి పెడుతున్నారు, ఆటకు రోజూ ఒక గంట తీసి పెట్టండి. వచ్చే సోమవారం దాకా ఆగొద్దు. ఈ సభలోంచి వెళ్లేలోపే పన్నెండుమంది పేర్లు రాసుకుని, రేపు పొద్దున ఆరింటికి కలుద్దామని మాట ఇచ్చిపుచ్చుకోండి.