క్యాంటీన్ పైపు గురించి రెండు మాటలు

మన క్యాంటీన్ పైపు జిడ్డుతో పూడిపోయి, మురుగునీళ్లు వంటగదిలోకి ఎగదన్నిన రోజు గుర్తుందిగా! వేడినీళ్లు పోశాం. కరిగిన నూనె కాస్త ముందుకెళ్లి, చల్లారి మళ్లీ గడ్డకట్టింది. ఊచతో పొడిస్తే మధ్యలో చిన్న బెజ్జం పడింది, అంతే.

ఖర్చెందుకు, మ్యాన్‌హోల్‌లోకి మనిషిని దించుదాం అన్నారు కొందరు. నేను ఒప్పుకోలేదమ్మా. లోపలి విషవాయువుకి నిమిషాల్లో ప్రాణం పోతుంది. రక్షణ లేకుండా దించితే 2013 చట్టం ప్రకారం నేరం కూడా. జెట్టింగ్ మిషన్ పిలిపించాం. దాని గొట్టం మూతికి వెనకవైపు బెజ్జాలుంటాయి. వాటిలోంచి చిమ్మే నీటి జోరుకి గొట్టం తనంతట తానే ముందుకు పాకుతుంది, గోడలకంటిన జిడ్డును ఊడబెరికి వెనక్కి తోస్తుంది. కింది చాంబర్‌లో కొవ్వు ముద్దలు ఎన్ని బకెట్లు ఎత్తారో!

ఆ నెల లాభం పంచుకోలేదు, నిజమే. ఇప్పుడు మూకుడులో మిగిలిన నూనె డబ్బాలోకి పోస్తున్నాం, గిన్నెలు తుడిచాకే తొట్టిలో వేస్తున్నాం.