ఒకే దొడ్డియా, రెండు దొడ్లా?
(వార్షిక మహాసభయందు చేసిన ప్రసంగము)



విద్యనుగూర్చి మాటలాడుమని కార్యదర్శిగారు నన్ను గోరిరి. దానినిగూర్చి 30 ఏండ్లు మాటలాడితిని. నేడు పందుల దొడ్డినిగూర్చి మాటలాడెదను. వెనుక వరుసలో కొందరు నవ్వుచున్నారు. అమరకోశమున పందికి 12 పేర్లు గలవు. అందు భూదారమనునది యొకటి, అనగా నేలను చీల్చునది. అన్ని పేర్లు పెట్టుటకు ఆ భాష సిగ్గుపడలేదు. మన తల్లిదండ్రులు ఏ వృత్తిచే మనలను సాకిరో దానిని సభలో పేర్కొనుటకు నేనేల సిగ్గుపడవలయును?

విషయమిది. ఒక ఈతలో పుట్టిన ఆడ, మగ పందిపిల్లలను కోతకు పోవు దినమువరకును ఒకేచోట నుంచవచ్చునా? మనలో పెక్కుమంది ఉంచుచున్నారు. మా యింటను అట్లే యుంచిరి.

నేను బడిలో చేరిన క్రొత్తలో మా అవ్వ ఒక ఈతలోని నాలుగింటిని ఏడాదివరకు పెంచి పండుగకు అమ్మెను. కొనినవాడు కోసి చూడగా ఒకదాని కడుపున ఎనిమిది పిల్లలుండెను. వెండ్రుకలైన మొలవని పిల్లలు. అవి దాని తోడబుట్టిన పోతుకు కలిగినవేయని వేరుగ చెప్పనక్కరలేదు. కొనినవాడు మరల వచ్చి, గర్భపు బరువును మాంసముగ లెక్కించితిరని సొమ్ము తిరిగి పుచ్చుకొనిపోయెను. అతనిది తప్పనలేము. అవ్వ రెండు దినములు సరిగా అన్నము ముట్టలేదు. "కడుపుతోని ఉన్నదాన్ని కోతకిచ్చిన గద బిడ్డా" అనెను. పోయిన సొమ్ము మరచితిని గాని ఆ మాట మరువలేదు.

ఇంగ్లండులో మగపిల్లలకు విత్తులు తీయకయే పెంచుట వాడుక. మరి మనకేల యీ చిక్కని యడుగవచ్చును. అచ్చటి పందులు మంచి దాణా తిని అయిదారు మాసములలోనే కోతకు తగిన బరువునకు వచ్చును. మన నల్లపంది హోటలు ఎంగిలియు, తవుడును తిని అందులో సగము బరువైన వచ్చుటకు ఏడాది పట్టును. అచ్చట వయస్సునకు ముందే బరువు వచ్చుచుండగా, ఇచ్చట బరువునకు ముందే వయస్సు వచ్చుచున్నది. తేడా యంతయు ఇందే యున్నది.

మగపిల్ల అయిదవ మాసము నాటికే చూలు కలిగింపగలదు. ఆడపిల్ల అయిదారు మాసములలో ఎదకు వచ్చును. మన నాటుజాతిలో అంతకు ముందే వచ్చునవియు గలవు. ముదురు పోతు దాపున దిరుగుచున్నచో దాని వాసనకే ఎద త్వరపడును. ఎద సుమారు 21 దినములకొకసారి వచ్చును. కట్టిన పిదప 114 దినములకు, అనగా మూడు మాసముల మూడు వారముల మూడు దినములకు, ఈనును. ఏడాది పెంచువాని దొడ్డిలో ఏమి జరుగునో మీరే లెక్కించుకొనుడు. అన్నచెల్లెండ్ర కలయికచే బుట్టిన ఈతలో పిల్లలు తక్కువ, చావులెక్కువ.

చట్టమును గలదు. 2001లో వచ్చిన కబేళాల నిబంధనలు చూలుతోనున్న జంతువును కోయరాదని స్పష్టముగ చెప్పుచున్నవి.

ఇక మగవాని సంగతి. విత్తులున్న ముదురు పోతు మాంసము పొయ్యిమీద నెక్కగనే యొక కంపు పుట్టును. ఆ వాసన క్రొవ్వులో చేరియుండును. కొందరి ముక్కునకు అది తెలియనే తెలియదు. తెలిసినవారు మరల మన యింటికి రారు. పాలు విడువకమున్నే, రెండు మూడు వారముల వయస్సున, విత్తులు తీయించినచో ఈ కంపును, ఆ చూలును రెండును తప్పును. అపుడు ఒకే దొడ్డి చాలును, ఊరిపోతు గోడ దాటి రానంతవరకు. అయితే ఇంటి కత్తితో చేయవలదు. చీముపట్టి చచ్చిన పిల్లలను నేను చూచితిని. జర్మనీ దేశమున 2021 నుండి మత్తు లేక యీ పని చేయుటయే నిషేధము. కోరుట్లవారికి పశువైద్య కళాశాల ఊరిలోనే గలదు. తక్కినవారికి పశువుల ఆసుపత్రి యున్నది.

తీయింపనివారు నాలుగవ మాసము నిండగనే వేరుచేయవలయును. నడుమ తడికె చాలదు, గోడ కావలయును. ఒక ఈతలోని ఆడవానిని ఒకచోట, మగవానిని ఒకచోట నుంచి, పిదప వేరు మందలతో కలుపరాదు. క్రొత్తవి కలిసిన ప్రతిసారియు కొట్లాటయే. బండి యెక్కించునప్పుడు మనమీ తప్పే చేయుదుము. నాలుగిండ్ల పందులను, ఆడమగ యనక, ఒక్క ఆటోలో క్రుక్కుదుము. దారిపొడవున అవి కరచుకొని, బెదరి, అలసి దిగును. అట్టివానిని వెంటనే కోసినచో మాంసము పాలిపోయి నీరు కార్చును. బండి నడుమ ఒక పలక అడ్డముంచుటకు ఖర్చెంత?

గోడ కట్టుకొనలేని విధవరాండ్రును, వృద్ధులును మనలో గలరు. వారి పిల్లలకు విత్తులు తీయించు ఖర్చు సంఘనిధినుండి ఈయవలయునని నేను కోరుచున్నాను. ఏటికి రెండుమారులు వైద్యుని మన వాడలకే పిలిపింపవచ్చును. కార్యవర్గమువారు ఈ సాయంకాలపు సమావేశమున దీనిని చర్చకు దెత్తురుగాక.