"పడదు" అన్న మాటకు విలువ ఇద్దాం
(విశ్రాంత ఉద్యోగుల సంఘం సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



పెన్షను గురించి, డి.ఏ. గురించి మాట్లాడవలసినవారు మాట్లాడారు. నేను భోజనం సంగతి మాట్లాడతాను.

"నాకు వంకాయ పడదు", "మా వాడికి రొయ్యలు పడవు" అనే మాటలు మన ఇళ్లలో రోజూ వింటాం. ఈ ఒక్క మాటలో మూడు సంగతులు కలిసిపోయాయి. ఒకటి, ఇష్టం లేకపోవడం. రెండు, అరగకపోవడం. కొందరికి పాలు తాగితే కడుపు ఉబ్బరిస్తుందే, అలాంటిది. మూడు, ఎలర్జీ. మొదటి రెండింటివల్ల ఇబ్బందే గాని ప్రాణభయం లేదు. మూడోదానివల్ల ఉంది. కాని మనం మూడింటికీ ఒకే సమాధానం చెబుతాం: "ఒక్క ముక్కకే ఏమవుతుందిలే!"

ఎలర్జీ అనే మాటను 1906లో వియన్నా వైద్యుడు పిర్కే వాడుకలోకి తెచ్చాడు. మనల్ని కాపాడవలసిన రక్షణశక్తే, అపకారం చేయని పదార్థాన్ని శత్రువనుకొని తిరగబడటమే ఎలర్జీ. పాలు, గుడ్లు, వేరుసెనగ, జీడిపప్పు, గోధుమ, చేప, ఏదైనా కారణం కావచ్చు. ముత్తుకూరు, ఇందుకూరుపేట వైపు ఇన్ని రొయ్యల గుంటలున్న మన కోస్తాలో రొయ్య సంగతి ముఖ్యంగా తెలుసుకోవాలి. రొయ్యలోని ట్రోపోమయోసిన్ అనే మాంసకృత్తు ఉడికించినా, వేయించినా పోదు. పీతలోనూ అలాంటిదే ఉంటుంది.

మా వీధిలో ఒక గృహప్రవేశం విందులో ఒక పిల్లవాడు రొయ్యల కూర ముట్టుకోలేదు. అయితే సొరకాయ కూరలో రుచి కోసం ఎండు రొయ్యల పొడి వేసిన సంగతి వాడికెవరూ చెప్పలేదు. పావుగంటలో పెదవులు వాచాయి, ఒళ్లంతా దద్దుర్లు లేచాయి, ఊపిరి అందలేదు. ఒకరు దిష్టి తీయమన్నారు. ఒకరు మజ్జిగ పట్టమన్నారు. ఆస్పత్రికి చేర్చి ఎడ్రినలిన్ ఇంజక్షన్ ఇచ్చాక బిడ్డ తెప్పరిల్లాడు. "పడదని ముందే చెప్పానండీ, ఎవరూ చెవిన పెట్టలేదు" అని ఆ తల్లి ఏడ్చింది.

ఆ తరువాతే మా వీధిలో నలుగురం రిటైరైనవాళ్లం ఈ పనికి పూనుకొన్నాం. ఇరుగుపొరుగు కలిస్తే ఏమవుతుందో మన జిల్లాకు ఒకరు చెప్పాలా? అక్షరాస్యతా ఉద్యమంలో వలంటీర్లు చెప్పిన పాఠాల నుంచే దూబగుంట మహిళల సారా వ్యతిరేక పోరాటం పుట్టింది. 1993లో రాష్ట్రమంతటా సారా నిషేధం వచ్చింది. మాది అంత పెద్ద పని కాదు. మూడే పనులు.

మొదటిది, అడగడం. ఇంటింటికీ వెళ్లి ఎవరికి ఏది పడదో అడిగాం. ఒప్పుకొన్నవారి వివరాలే పుస్తకంలో రాసుకొన్నాం. విందు జరిగే ముందు వంటవాళ్లతో మాట్లాడి, ఏ కూరలో ఏం వేశారో వడ్డించేవారికి తెలిసేలా చూస్తున్నాం. బడి మధ్యాహ్న భోజనంలో గుడ్డు, వేరుసెనగ చిక్కీ ఉంటాయి. అవి పడని పిల్లలుంటే టీచరుకు కాగితం మీద రాసి ఇమ్మని తల్లిదండ్రులకు చెబుతున్నాం.

రెండోది, చదవడం. కేంద్ర ఆహార భద్రతా సంస్థ 2020 నిబంధనల ప్రకారం, ఎలర్జీ కలిగించే ముఖ్యమైన పదార్థాలుంటే ఆ సంగతి ప్యాకెట్ మీద అచ్చు వేయాలి. కాని అది చాలావరకు ఇంగ్లీషులో, చీమ తలకాయలంత అక్షరాల్లో ఉంటుంది. సర్వీసంతా జీ.ఓ.లు, ఫుట్‌నోట్‌లు చదివిన మనకంటే ఈ పనికి తగినవారెవరు? కళ్లద్దాలు తుడుచుకొని చదివిపెడదాం.

మూడోది, ఆపద వేళ మొదటి నిమిషాలు. తిన్న కొద్దిసేపటికే గొంతు బిగుసుకొన్నా, ఆయాసం వచ్చినా, కళ్లు తిరిగి పడిపోతున్నా ఇంటివైద్యంతో కాలయాపన చేయకూడదు. వెంటనే 108కి ఫోన్ చేయాలి. మనిషిని నడిపించకూడదు. పడుకోబెట్టి కాళ్లు ఎత్తుగా ఉంచాలి. ఆయాసం ఎక్కువగా ఉంటే ఆనించి కూర్చోబెట్టవచ్చు. దురద మాత్ర దద్దుర్లను తగ్గిస్తుంది గాని ప్రాణాన్ని నిలిపేది ఎడ్రినలిన్ ఇంజక్షనే. తగ్గిన తరువాత కూడా కొన్ని గంటలకు మళ్లీ రావచ్చు కనుక, డాక్టరు పంపేదాకా ఆస్పత్రిలోనే ఉండాలి.

మన వయసువారికి ఇంకొక మాట. బి.పి.కి, గుండెకు అటెనొలాల్, మెటొప్రొలాల్ వంటి మాత్రలు మనలో చాలామంది వాడుతున్నాం. ఇవి వాడేవారికి ఎడ్రినలిన్ సరిగా పనిచేయకపోవచ్చు. అందుకని మాత్రలు మానేయకండి. మందుల చీటీ జేబులో ఉంచుకొని, డాక్టరుకు ముందుగా ఆ సంగతి చెప్పండి.

అలాగని ప్రతి దురదా ఎలర్జీ కాదు. ఎవరో అన్నారని పసిపిల్లలకు గుడ్లు, పాలు మాన్పించి వారిని నీరసపెట్టవద్దు. అది తేల్చవలసింది డాక్టరు. మనం డాక్టర్లం కాము, పొరుగువాళ్లం.

నా మనవి ఒక్కటే. మనలో ఒక్కొక్కరు ఒక్కో వీధి బాధ్యత తీసుకోండి. కొసరి కొసరి వడ్డించడం మన నెల్లూరు మర్యాద, అది పోవాలని నేననను. కాని విస్తరి ముందు కూర్చున్నవారు "పడదు" అంటే "ఏమవుతుందిలే" అనకండి. "తింటే ఏమవుతుంది?" అని అడిగి, వారు చెప్పింది వినండి.