పోగు ముడివేసే వేళ్లు, రంగు దిద్దే వేళ్లు

షోలాపూర్ తూర్పు భాగంలో సాంచెల చప్పుడు మధ్య పెరిగే మన పద్మశాలి పిల్లలు వేళ్ల పనితనం రోజూ చూస్తూనే ఉంటారు. నాన్న తెగిన పోగు ముడివేస్తాడు, అమ్మ బీడీ చుడుతుంది. పిల్లలకు మాత్రం ఆ నేర్పు ఆటలోంచి రావాలి, పనిలోంచి కాదు.

అందుకు రంగుల బొమ్మలు మంచి దారి. 2008లో హైదరాబాద్ గ్రీన్ గోల్డ్ సంస్థ తెరకెక్కించిన ఛోటా భీమ్ ఉన్నాడు. మన హనుమంతుడు ఉండనే ఉన్నాడు. నచ్చిన వీరుడైతే పిల్లలు కుదురుగా కూర్చుంటారు.

మూడేళ్లవారికి పెద్ద బొమ్మ, లావు గీత ఇవ్వండి. రంగు గీత దాటినా కసరకండి. పొడవాటి క్రేయాన్ కంటే విరిగిన ముక్క మేలు. దాన్ని పిడికిలితో పట్టలేరు కాబట్టి బొటనవేలు, చూపుడువేలు, మధ్యవేలు కలుస్తాయి. రేపు పెన్సిల్ పట్టేదీ ఆ మూడే. కాగితం గోడకు అంటించి రంగు వేయిస్తే భుజం, మణికట్టు బలపడతాయి. ఐదేళ్లు వచ్చాక మొద్దు కత్తెరతో గద కత్తిరించనివ్వండి, పక్కనే ఉండండి. మిగిలిన నూలుపోగులు హనుమంతుడి తోకకు అంటించనివ్వండి.

రోజూ పది నిమిషాలు చాలు. చెయ్యి నొస్తుందంటే ఆపేయండి. బొమ్మ పూర్తయితే గోడకు పెట్టండి. వీరుడు భీముడే కాదు, రంగు వేసిన బిడ్డ కూడా.